కాలువ చివరి మడి

కడప

చిరంజీవులకు ఆశీస్సులు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన మహాధమనికి ఆపరేషన్ జరిగిన రోజు రెండు కాళ్లూ ఆడించిన మీ పెదనాయన, కాళ్లకు ఏ దెబ్బా తగలకుండానే మూడో రోజుకు వాటినెందుకు కదల్చలేకపోయాడని మీరు అడిగారు.

దెబ్బ తగిలింది వెన్నుపాముకు. సుమారు 45 సెంటీమీటర్ల ఆ వెన్నుపాము ముందు భాగాన్ని పోషించేది పైనుంచి దిగే ఒకే ఒక సన్నని ధమని. సుంకేసుల దగ్గర తుంగభద్రను విడిచిన కేసీ (కర్నూలు–కడప) కాలువ దాదాపు 300 కిలోమీటర్లు నడిచి మన దాకా వచ్చేసరికి ఎట్లా చిక్కిపోతుందో, ఆ ధమని కూడా నడుము దాకా తన బలంతో రాలేదు. దారిలో మహాధమని నుంచి కొన్ని పాయలు వచ్చి కలుస్తాయి. వాటిలో పెద్దదాన్ని, 1880లలో దాన్ని వర్ణించిన ఆడంకీవిజ్ అనే వైద్యుడి పేరుతోనే పిలుస్తారు. మహాధమనిని బాగుచేసేటప్పుడు ఈ పాయలు మూతపడితే చివరి మడికి తడి అందదు.

నా చిన్నతనంలో మా మడి అట్లా కాలువ చివరనే ఉండేది. ఒక ఏడు వరి పొట్టమీద ఉండగా నీళ్లు తప్పి, పది రోజులకు మళ్లీ వచ్చాయి. పైరు పచ్చగానే ఉందని నేను గట్లమీద పరుగులు తీశాను. మా నాయన మాత్రం మాట్లాడలేదు. కంకిని మనం వెన్ను అనే అంటాము కదా, కోతలనాడు ఆ వెన్ను నలిపి చూస్తే అంతా తాలే.

నాడీకణానికి గాదె లేదు. రక్తం ఆగిన నిమిషాలలోనే ప్రాణవాయువు, గ్లూకోజు కరువై, సోడియంను బయటికి తోడే పంపులు నిలిచిపోతాయి. కణం నుంచి కణానికి కబురు మోసే గ్లుటమేట్ అనే రసాయనం పొంగి పక్క కణాల తలుపులు తెరుస్తుంది. ఆ తలుపుల గుండా కాల్షియం చొరబడి లోపలి ఎంజైములను రేపితే అవి కణాన్నే కోసుకు తింటాయి. రక్తం తిరిగి వచ్చినా, దానితో వచ్చిన ప్రాణవాయువే కొంత హాని చేస్తుంది. కొన్ని కణాలు ఆ పూట బతికినట్టే ఉండి, లోలోపల తమను తాము కూల్చుకుంటూ, రోజుల తర్వాత చనిపోతాయి. మీ పెదనాయన మొదటి రోజు కాళ్లు ఆడించడం ఆ పచ్చదనమే.

అందుకే డాక్టర్లు ఆయన రక్తపోటు పెంచి, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవాన్ని కొంత తీసి, రక్తానికి దారి ఇచ్చారు. మడిలో మళ్లీ నారు పోయవచ్చు, ఈ కణాలను మళ్లీ నాటలేము. అయితే సొమ్మసిల్లినవి కొన్ని లేస్తాయి. నడుము దగ్గరి ఒక్క కణం తన పోగును దాదాపు మీటరు దూరం పాదం దాకా చాపి ఉంచుతుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

దసరాకు వచ్చినప్పుడు పెదనాయన పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, ఆయన ఎడమకాలి బొటనవేలిని కాసేపు చూడండి. మొన్న శుక్రవారం అది కదిలినట్టు నాకు అనిపించింది.

మీ జేజినాయన