నిలబెడితే చెడే బండి: రైడింగ్ మూవర్ కథ

అమెరికాలో ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియా లాంటి చలి రాష్ట్రాల్లో అర ఎకరం, ఎకరం స్థలంలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల గరాజుల్లో కార్ల పక్కనే ఇంకో చిన్న బండి కనిపిస్తుంది. దాని మీద కూర్చుని, స్టీరింగ్ తిప్పుకుంటూ లాన్‌లో గడ్డి కోస్తారు. అదే రైడింగ్ మూవర్. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి గంటో గంటన్నరో పని చేసి, మిగతా నెలలన్నీ మూలన నిలబడి ఉంటుంది. దీనికొచ్చే జబ్బులు చాలావరకు ఆ మూలన ఉన్నప్పుడు పుట్టేవే. మెకానిక్ షాపుల ముందు క్యూలు ఏప్రిల్లో కనిపించేది అందుకే.

మొదటి దోషి పెట్రోల్. అక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ఇష్టం. ట్యాంకులో పైన ఖాళీ ఉంటే, అందులోకి వచ్చే గాలిలోని తేమను మెల్లమెల్లగా లాక్కుంటుంది. నీటి వాటా దాదాపు అర శాతం దాటేసరికి ఇక పట్టుకోలేక, ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. చలి పెరిగితే ఇంకా తక్కువ నీటికే విడిపోతాయి. ఇంజన్‌కి వెళ్లే పైపు ఉండేది కూడా ట్యాంకు అడుగునే కాబట్టి, వసంతంలో తాళం తిప్పగానే ముందుగా లోపలికి వెళ్లేది ఆ నీళ్ల మిశ్రమమే.

ఇథనాల్ లేని పెట్రోల్ పోసినా పూర్తిగా తప్పించుకోలేం. పెట్రోల్లో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలే ఇంజన్ స్టార్టవడానికి కావాలి, ముందుగా ఎగిరిపోయేవీ అవే. మిగిలినదానికి ఆక్సిజన్ తగిలి జిగురు తయారవుతుంది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్లో పెట్రోల్ దూరే రంధ్రం సన్నగా ఉంటుంది. అక్కడ కొంచెం జిగురు గట్టిపడినా చాలు, ఇంజన్ స్టార్టవుతుంది, నాలుగు దగ్గులు దగ్గుతుంది, ఆగిపోతుంది. ఛోక్ వేస్తే నడిచి, తీసేస్తే ఆగిపోతుంటే అనుమానించాల్సింది కార్బురేటర్నే.

చలికాలానికి ముందు ఫ్యూయెల్ స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా చెడిపోకుండా కలిపే మందు) పోయమనేది ఇందుకే. కాకపోతే చాలామంది దాన్ని ట్యాంకులో పోసి, మూత పెట్టి, లైటార్పి వెళ్లిపోతారు. అలా చేస్తే కార్బురేటర్లో ఉన్న పాత పెట్రోల్ పాతదిగానే మిగిలిపోతుంది. తాజా పెట్రోల్లో కలిపి, పది నిమిషాలు ఇంజన్ నడిపితేనే మందు అక్కడిదాకా చేరుతుంది. ఇప్పటికే చెడిపోయిన పెట్రోల్‌ని మాత్రం ఏ మందూ బాగుచెయ్యలేదు.

రెండోది బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని వాడకపోయినా చార్జి కారిపోతూనే ఉంటుంది. చార్జి తగ్గినకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది తిరిగి కరుగుతుంది. నెలల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ఇక కదలదు. చలి దీనికి తోడవుతుంది. పూర్తి చార్జిలో ఉన్న బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు. చార్జి పోయినదాంట్లో దాదాపు నీళ్లే మిగులుతాయి కాబట్టి సున్నాకి కొద్ది డిగ్రీల కిందే గడ్డకట్టి, డబ్బా పగిలే ప్రమాదం ఉంటుంది.

తాళం తిప్పితే ఒక్క 'టక్' శబ్దం వచ్చి ఆగిందంటే సోలెనాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు వదిలే స్విచ్) దాకా కరెంటు వచ్చింది, ఇంజన్‌ని కదిలించే మోటారైన స్టార్టర్‌ని తిప్పే బలం మాత్రం చాల్లేదు. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించవచ్చు. దాన్ని చూసి బ్యాటరీ బాగుందనుకోకూడదు. తాళం తిప్పి పట్టుకుని చూడాలి. అప్పుడు 9.5 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీదే తప్పు. పడకపోతే టెర్మినల్స్ దగ్గరో, ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు దగ్గరో తుప్పు పట్టి ఉంటుంది. ఆ తుప్పు గీకితే పోయేదానికి కొత్త స్టార్టర్ కొన్న ఇళ్లు బోలెడు.

అసలు శబ్దమే రాకపోతే టెన్షన్ పడక్కర్లేదు. బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కామా, బ్లేడు స్విచ్ ఆఫ్‌లో ఉందా చూడాలి. సీటు కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేస్తే ఇంజన్ ఆపెయ్యడం దాని పని. వెనక్కి నడిపితే బ్లేడ్లు ఆగడం కూడా చాలా మోడళ్లలో లోపం కాదు, వెనకాల పిల్లలుంటారేమోనని కావాలని పెట్టిన ఏర్పాటు. విసుగొచ్చి ఈ స్విచ్‌ల వైర్లు కలిపేసేవాళ్లున్నారు. నా దృష్టిలో ఈ బండికి చెయ్యగల అతి చెత్త రిపేరు అదే.

ఇక నిలబెట్టడం వల్ల కాకుండా నడవడం వల్లే వచ్చే ఒక జబ్బుంది. ఎక్కువమందిని తప్పుదారి పట్టించేదీ ఇదే. తాళం తిప్పితే ఇంజన్ సగం చుట్టు తిరిగి, గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. అందరూ బ్యాటరీ మారుస్తారు, తర్వాత స్టార్టర్ మారుస్తారు. బండి మాత్రం మళ్లీ సగం చుట్టు దగ్గరే ఆగుతుంది.

కారణం సిలిండర్లోకి గాలి వచ్చి పోయే దారుల్ని తెరిచి మూసే వాల్వుల దగ్గర ఉంటుంది. సిలిండర్లో గాలిని నొక్కడానికి చాలా బలం కావాలి, ఈ బండి స్టార్టర్‌కి అంత బలం ఉండదు. అందుకని తయారీదారులు వాల్వుల్ని ఆడించే క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న ఉబ్బు లాంటిది పెడతారు. స్టార్ట్ చేసేటప్పుడు అది ఒక వాల్వుని రవ్వంత తెరిచి పట్టి, కొంత గాలిని వదిలేస్తుంది. వాల్వుని నొక్కే మీట (రాకర్ ఆర్మ్)కీ వాల్వుకీ మధ్య ఉండాల్సిన సందు చాలా ఇంజన్లలో మిల్లీమీటర్లో పదోవంతుకి అటూ ఇటూ. గంటల తరబడి నడిచాక అరుగుదలతో ఆ సందు పెరుగుతుంది. అప్పుడు ఆ ఉబ్బు ఎత్తే రవ్వంతా సందులోనే కలిసిపోయి, వాల్వు తెరుచుకోదు. గాలి పూర్తిగా నొక్కుకుంటుంది, స్టార్టర్ చేతులెత్తేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వు కవర్ విప్పి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి, మాన్యువల్లో ఇచ్చిన కొలతకి సందు సరిచేస్తే సరిపోతుంది. ఖర్చు దాదాపు శూన్యం.

ఇరవై నిమిషాలు బాగా నడిచి, ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే బండిది ఇంకో కథ. పెట్రోల్ మూతలో గాలి వెళ్లే చిన్న దారి ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే, స్ట్రా పై చివర వేలితో మూసి ఎత్తితే నీళ్లు కిందికి జారనట్టే పెట్రోల్ కూడా దిగదు. మూత వదులు చేసి చూస్తే తేలిపోతుంది. మూత బాగానే ఉంటే ఇంజన్ పైకవర్ విప్పి చూడండి. ఇది గాలితో చల్లబడే ఇంజన్. చలికాలంలో వెచ్చగా ఉంటుందని ఎలుకలు ఆ కవర్ కింద గూళ్లు పెడతాయి. సిలిండర్ వేడిని గాలికి వదిలే ఫిన్ల (రేకుల) మధ్య దారి మూసుకుని, ఆ పక్క సిలిండర్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

బ్లేడు సంగతి కొస్తే, అది కత్తి మాత్రమే కాదు, ఫ్యాను కూడా. దాని వెనక అంచు పైకి వంగి ఉంటుంది. ఆ రెక్క డెక్కు (బ్లేడ్లని పైనుంచి కప్పే రేకు తొడుగు) కింద గాలిని పైకి లాగి, వాలిన గడ్డిని నిలబెడితేనే పదును దానికి తగులుతుంది. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకి దాదాపు 347 కిలోమీటర్లు. ఆ వేగంలో మొద్దు బ్లేడు కూడా గడ్డిని తెంచగలదు, కానీ కొయ్యలేదు. మర్నాటికి లాన్ అంతా కొనలు చీలి, తెల్లబారి కనిపిస్తుంది. పదును పెట్టేటప్పుడు రెండు వైపులా సమానంగా అరగదీసి, మధ్య రంధ్రంలో మేకు పెట్టి వేలాడదీసి చూడాలి. ఒకవైపు వాలితే ఆ బ్లేడు అదురుతూ తిరిగి, దాని ఇరుసు (స్పిండిల్) బేరింగుల్ని తినేస్తుంది. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయడం మర్చిపోవద్దు, లేకపోతే పొరపాటున ఇంజన్ స్టార్టయ్యే వీలుంది.

తడి గడ్డి కోస్తే అది డెక్కు లోపల పేరుకుని, బ్లేడుకి కావాల్సిన గాలి దారిని మూసేస్తుంది. దాన్ని గీకకుండా చలికాలానికి వదిలేస్తే, ఆ చెమ్మలో డెక్కు రేకు లోపలినుంచి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. కోత ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా వస్తుంటే మాత్రం డెక్కుని బండికి వేలాడదీసే లింకులు విప్పకముందు టైర్లలో గాలి చూడండి. వీటికి సాధారణంగా 10 నుంచి 14 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. అంత తక్కువ ఒత్తిడిలో ఒక టైరు నాలుగు పీఎస్ఐ దిగినా డెక్కు ఆ పక్కకి వంగుతుంది.