ముళ్లకంచె వెనకాల మిగిలిపోయిన వీస్

క్రొయేషియా టూర్ల గురించి ఎక్కడ చదివినా వీస్ ద్వీపాన్ని "ఇంకా చెక్కుచెదరని చోటు" అని పొగుడుతారు. పక్కనే ఉన్న హ్వార్ ద్వీపంతో పోలిస్తే అది నిజమే. ఇక్కడ పెద్ద హోటళ్లు తక్కువ, రద్దీ తక్కువ. కానీ ఇది ఎవరో ముందుచూపుతో కాపాడుకున్న అందం కాదు. క్రొయేషియా అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా దేశపు సైన్యం ఈ ద్వీపాన్ని స్థావరంగా చేసుకుని, 1989 దాకా విదేశీయుల్ని అడుగుపెట్టనివ్వలేదు.

సైన్యానికి ఇదే ద్వీపం ఎందుకు కావాల్సి వచ్చింది? మ్యాప్ చూస్తే తెలిసిపోతుంది. క్రొయేషియా సముద్రతీర ప్రాంతమైన డాల్మేషియాలోని పెద్ద ద్వీపాల్లో సముద్రంలోకి బాగా బయటికి జరిగి ఉన్నది ఇదే. స్ప్లిట్ రేవులో ఫెర్రీ ఎక్కితే రెండు గంటలకు పైగా పడుతుంది. విస్తీర్ణం సుమారు 90 చదరపు కిలోమీటర్లు. ఈశాన్యాన లోతైన అఖాతం ఒడ్డున వీస్ పట్నం, పడమట 587 మీటర్ల హుమ్ కొండ కింద కోమిజా అనే జాలరుల ఊరు, మధ్యలో ద్రాక్షతోటల మైదానాలు. ఇంకో అదృష్టం మంచినీళ్లు. బ్రాచ్, హ్వార్ లాంటి ద్వీపాలకు ప్రధాన భూభాగం నుంచి సముద్రం అడుగున పైపు వేసి నీళ్లు పంపాలి. వీస్‌కు మాత్రం సొంత ఊటలున్నాయి. మంచి రేవు, తాగడానికి నీళ్లు, ఏడ్రియాటిక్ సముద్రం మధ్యలో కాపలా కాసే వీలు... నౌకాదళాల కన్ను పడడానికి ఇంతకంటే ఏం కావాలి?

క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో సిసిలీలోని సిరక్యూస్ గ్రీకులు ఇక్కడ ఇస్సా అనే నగరం కట్టారు. ఇస్సా ద్రాక్షసారాకు సాటి లేదని అగథార్కిదెస్ అనే గ్రీకు రచయిత రాసిపెట్టాడు. తర్వాత ఇల్లిరియన్ రాణి తెయుతా ముట్టడిస్తే ఇస్సా వాళ్లు రోమ్ సాయం కోరారు. క్రీ.పూ. 229లో రోమన్ సేనలు ఏడ్రియాటిక్ తూర్పు తీరంలో మొదటిసారి దిగాయి. సాయానికి వచ్చినవాళ్లు మళ్లీ వెనక్కి పోలేదనుకోండి, అది వేరే కథ.

1420 నుంచి 1797 దాకా వెనిస్ ఏలింది. నెపోలియన్ కాలంలో బ్రిటిష్‌వాళ్లు దిగారు. 1811 మార్చిలో విలియం హోస్ట్ అనే కెప్టెన్ నాలుగు ఓడలతో, తనకంటే పెద్దదైన ఫ్రెంచ్–వెనీషియన్ దళాన్ని ఈ నీళ్లలోనే ఓడించాడు. ఆయన పేరుతో ద్వీపంలో ఇప్పుడు ఒక క్రికెట్ క్లబ్ ఉంది. బ్రిటన్ నావికులు ఎక్కడ లంగరు వేస్తే అక్కడ బ్యాటూ బంతీ దిగడం మనకు కొత్త సంగతేం కాదు. 1866 జూలై 20న ఇదే చోట, అప్పటికి ద్వీపాన్ని ఏలుతున్న ఆస్ట్రియా నౌకాదళం ఇటలీని ఓడించింది. ఆ యుద్ధంలో ఆస్ట్రియా ఓడ ఒకటి ఇటలీవాళ్ల ఇనుప ఓడను ఢీకొట్టి ముంచేసింది.

ఈ యుద్ధాల మధ్య జనం బతికింది ద్రాక్ష మీద, చేప మీద. కోమిజా జాలరులు ఫల్కూషా అనే పడవల్లో, సముద్రం మధ్యలో ఎక్కడో ఉన్న పలగ్రూజా దీవుల దాకా వెళ్లి సార్డీన్ చేపలు పట్టేవాళ్లు, ఉప్పేసి నిలవ చేసేవాళ్లు. తర్వాత డబ్బాల్లో చేపలు నింపే ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్రాన్స్, ఇటలీ తోటల్ని ద్రాక్ష వేళ్లను తినే వేరు పేను అనే పురుగు నాశనం చేసినప్పుడు డాల్మేషియా సారాకు గిరాకీ పెరిగింది. ఆ రోజులు ఎక్కువ కాలం నిలవలేదు. 1890ల మొదట్లో ఆస్ట్రియా–హంగరీ ప్రభుత్వం ఇటలీ సారా మీద సుంకం తగ్గించేసింది, ధరలు పడిపోయాయి. ఆ వెనకే వేరు పేను డాల్మేషియాకూ వచ్చిపడింది. తోటలు పోయినవాళ్లు ఓడలెక్కారు. కోమిజా నుంచి వెళ్లిన చాలామంది కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో తేలి, అక్కడా చేపల పనే చేశారు. 1910 ప్రాంతంలో ద్వీపంలో దాదాపు 10 వేలమంది ఉండేవాళ్లు. ఇప్పుడు మూడున్నర వేల లోపే.

రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ అదే రేవు, అదే కాపలా. 1944 జూన్‌లో యుగోస్లావియా గెరిల్లా సేనల నాయకుడు టిటో ఇక్కడికి చేరి, హుమ్ కొండ గుహను తన మకాముల్లో ఒకటిగా చేసుకున్నాడు. లండన్‌లోని యుగోస్లావియా ప్రవాస ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది కూడా ఇక్కడే. మైదానంలో తోటలు కొట్టి వేసిన రన్‌వే మీద, దెబ్బతిన్న అమెరికన్ బాంబర్లు దిగేవి. ఆ మైదానంలో ఇప్పుడు మళ్లీ ద్రాక్ష పండుతోంది.

యుద్ధం ముగిసినా యుగోస్లావ్ సైన్యం కదల్లేదు. కొండలు తొలిచి సొరంగాలు, క్షిపణి స్థావరాలు, సబ్‌మెరైన్లు దాచే గుహ కట్టింది. ఎనభైల నాటికి హ్వార్‌లో జర్మన్ టూరిస్టులు ఎండ కాగుతుంటే, వీస్‌లో కుర్రాళ్లు కవాతు చేస్తున్నారు. అయితే సైన్యం ఉన్నన్నాళ్లూ అక్కడ కొన్ని ఉద్యోగాలూ, కొంత కొనుగోలూ ఉండేవి. 1992లో యుగోస్లావ్ సైన్యం వెళ్లిపోయాక అవీ పోయాయి. చేపల ఫ్యాక్టరీలు కూడా మూతపడ్డాయి. చేతిలో మిగిలింది ఒక్కటే, ఇన్నాళ్లూ ఎవరూ చూడని తీరం.

2018లో వచ్చిన ఒక హాలీవుడ్ మ్యూజికల్ కోసం వీస్‌ను గ్రీకు ద్వీపంగా చూపించారు. ఇస్సా కట్టినవాళ్లు చూస్తే మురిసిపోయేవాళ్లేమో! మరుసటి ఏడాది, 2019లో, విశేషమైన రాళ్లు, కొండలు ఉన్న చోట్లకిచ్చే యునెస్కో జియోపార్క్ గుర్తింపు వచ్చింది. పక్కనున్న బీషెవోలోని నీలి గుహ చూడ్డానికి వేసవిలో పడవలు బారులు తీరతాయి. చలికాలంలో టూరిస్టులుండరు, తాళాలు పడిన ఇళ్లు ఎక్కువ కనిపిస్తాయి. వేసవి రెండు నెలల సంపాదనతో ఏడాదంతా నెట్టుకురావడం నాకైతే సుంకాల నాటి ద్రాక్ష కథలాగే అనిపిస్తుంది. అప్పుడు అంతా ఒకే పంట మీద, ఇప్పుడు ఒకే సీజన్ మీద.

మిలిటరీ టూర్ అని ఇప్పుడు జీపుల్లో ఆ సొరంగాలన్నీ తిప్పి చూపిస్తున్నారు. సబ్‌మెరైన్ల గుహలో జనం ఈత కొడుతున్నారు.