పులిసిందా, పాచిపోయిందా?

రాత్రి పదిన్నర. భోజనాలయ్యాయి. కుక్కర్ గిన్నె అడుగున మూడు గరిటెల అన్నం మిగిలింది. మా ఇంట్లో రోజూ ఈ వేళకి చిన్న పంచాయితీ ఉంటుంది. "ఫ్రిజ్‌లో పెట్టండి" అంటుంది మా ఆవిడ. "రేపు దాన్నెవరు తింటారు?" అంటాడు మావాడు. మా అమ్మ మాత్రం గిన్నె దగ్గరికి లాక్కుని, నాలుగు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. "ఇందాకటి నుంచి మూతేసి ఉంచారు. ఇది పులవదు, పాచిపోతుంది" అని తీర్పు చెప్పేస్తుంది.

ఆ రెండు మాటలూ ఒకటేననుకుని చాలా ఏళ్లు గడిపాను. మా తరానికి ఒకటే మాట మిగిలింది: పాడైపోయింది. అనుమానం వస్తే పారెయ్యడమే. కానీ పులవడం, పాచిపోవడం రెండూ సూక్ష్మజీవుల పనే అయినా, చేసేవాళ్లు వేరు, చివరికి గిన్నెలో మిగిలేదీ వేరు.

ముందు పాచిపోవడం సంగతి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది, అక్కణ్ణుంచి వడ్లకీ బియ్యానికీ అంటుకుని వస్తుంది. ఎసట్లో పడగానే మామూలు బాక్టీరియా చచ్చిపోతుంది. ఇది మాత్రం ముందే గట్టి పెంకు లాంటిది కట్టుకుని విత్తనంలా నిద్రపోతూ ఉంటుంది. ఆ విత్తనాన్నే స్పోరు అంటారు. అన్నం ఉడికినా స్పోరు ఉడకదు. ఆ తర్వాత అన్నం గోరువెచ్చగా, తడిగా, మూత కింద గంటల తరబడి ఉండిపోతే దానికి అంతకంటే మంచి నారుమడి దొరకదు. నిద్ర లేస్తుంది, పెరుగుతుంది, విషం వదులుతుంది. ఆ విషం పేరు సెరులైడ్. దాన్ని 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. మన ప్రెషర్ కుక్కర్ వేడి అటూ ఇటూగా అంతే. అందుకే "మళ్లీ వేడి చేస్తే సరిపోతుందిలే" అన్న మాట అన్నం విషయంలో చెల్లదు. బాక్టీరియా చస్తుంది, అది కక్కిన విషం ఉండిపోతుంది. పైగా జిగురు తీగలు సాగేదాకా, వాసన వచ్చేదాకా అది ఆగదు. బాగానే కనిపించిన అన్నం తిన్న గంటకో, నాలుగైదు గంటలకో వాంతులు పట్టుకుంటాయి.

మందు చాలా తేలిక. వండిన గంట, రెండు గంటల్లోపే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. 5 డిగ్రీల కంటే దిగువన ఆ స్పోర్లు లేచి పెరగడం చాలా అరుదు. లోతు గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం మధ్యలో చల్లబడటానికి గంటలు పడుతుంది, వచ్చిన చిక్కంతా అక్కడే.

ఫ్రిజ్ అన్నం పలుకుగా రాయిలా అవుతుందని చాలామంది పారేస్తారు. అది పాడవడం కాదు. ఉడికినప్పుడు విడిపోయిన పిండి పదార్థపు గొలుసులు చల్లదనానికి మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి, అంతే. చారెడు నీళ్లు చిలకరించి ఆవిరి మీద పెడితే మళ్లీ మెత్తబడుతుంది. పోపు వేసి పులిహోర కలుపుకోదలిస్తే ఆ బిరుసే మేలు, మెతుకు మెతుక్కీ అంటుకోదు. ప్రయాణాలకి పులిహోర మూట కట్టుకోవడం వెనకా రుచితో పాటు లెక్క ఉంది. చింతపండు పులుపులో చాలా రకాల బాక్టీరియా పెరగలేవు.

ఇక పులవడం. మిగిలిన అన్నాన్ని ఆలస్యం చెయ్యకుండా నీళ్లలో మునిగేలా పోసి, ఓ చెంచాడు మజ్జిగ కలిపారనుకోండి. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అప్పటికే మెలకువగా, బలంగా ఉంది. అది పిండి పదార్థాన్ని తిని ఆమ్లం చేస్తుంది. తెల్లారేసరికి నీళ్లు పుల్లబడతాయి, ఆ పులుపులో బాసిల్లస్ లాంటివి తలెత్తలేవు. ముందొచ్చినవాడిదే కుర్చీ అన్నట్టన్నమాట. ఇడ్లీ పిండిలో జరిగేదీ ఇదే. కోస్తా ఇళ్లల్లో తరవాణి (పులిసిన గంజి) కుండని పూర్తిగా కడిగెయ్యకుండా అడుగున కాస్త పాత పులుపు ఉంచి, దాని మీదే కొత్త గంజి పోసేవాళ్లు. అది బద్ధకం కాదు, తోడు పెట్టడం. అయితే సాయంత్రం నుంచీ గోరువెచ్చగా పడి ఉన్న అన్నంలో పదిన్నరకి నీళ్లు పోస్తే అది చద్దన్నం కాదు. అమ్మ తీర్పుకి అర్థం అదే.

చద్దన్నంలో రాత్రికి రాత్రి ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. కుండలో లేని ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుంది? పులిసినప్పుడు ఇనుముని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కొంత విరుగుతుంది, ఉన్న ఇనుమే ఒంటికి కాస్త ఎక్కువ పడుతుంది. చద్దన్నాన్ని మెచ్చుకోవడానికి అది చాలు, అబద్ధం అక్కర్లేదు.

కొన్న సరుకులోనూ ఇలాగే రెండు మాటలున్నాయి, మనం ఒకటిగా చదివేస్తాం. ప్యాకెట్ మీద 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాటాక రుచి, కరకర తగ్గొచ్చని. 'ఎక్స్‌పైరీ', 'యూజ్ బై' అంటే ఆ తర్వాత తినొద్దని. మొదటిది దాటిన అటుకుల ప్యాకెట్‌ని వాసన చూసి వాడుకోవచ్చు. రెండోది దాటిన పాల ప్యాకెట్‌తో బేరాలొద్దు.

కూరగాయలది ఇంకో కథ. అవి కోశాక కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. టమాటా, అరటి, మామిడి, సపోటా పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పండుతున్న ఆపిల్ నుంచి వచ్చేది ఇథిలీనేనని 1934లో రిచర్డ్ గేన్ తేల్చాడు. ఆ గాలి పక్కనున్న కొత్తిమీరకి తగిలితే ఆకు పసుపు తిరుగుతుంది. కాబట్టి ఒకే బుట్టలో కాపురం పెట్టకండి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ల నుంచే. పెళ్లి భోజనాల విస్తళ్లనీ, హోటళ్లనీ తిట్టుకుంటాం గానీ, పెద్ద వాటా మన వంటింటిదే. మన దేశంలో ఇళ్లల్లో మనిషికి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా, తొక్కలూ ఎముకలూ కలిపి.

ఇంత పెద్ద అంకెలు నాకు తలకెక్కవు. గుప్పెడు అన్నం లెక్క వేసుకున్నాను. గుప్పెడు అన్నానికి పాతిక గ్రాముల బియ్యం, దానికి ఓ 37 గ్రాముల వడ్లు. కిలో వడ్లు పండటానికి వానా కాలవా కలిపి సగటున 2,500 లీటర్ల నీళ్లు పొలంలోకి వెళ్తాయని అంచనా. అంటే గుప్పెడుకి తొంభై లీటర్ల పైచిలుకు, అయిదారు బకెట్లు. ఆ గుప్పెడు చెత్త గుట్ట కింద గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇంతకీ మా ఇంట్లో రోజూ మూడు గరిటెలు ఎందుకు మిగులుతోంది? మొన్న అమ్మే కనిపెట్టింది. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లి రెండేళ్లవుతోంది, మేమింకా మూడు గ్లాసుల బియ్యమే కడుగుతున్నాం. నిన్న రాత్రి రెండున్నర పోశాం. అడుగున గరిటెడే మిగిలింది. ఎనిమిదిన్నరకే అమ్మ దాన్ని చిన్న గిన్నెలోకి తీసి, నీళ్లు పోసి, మజ్జిగ చెంచా జారవిడిచింది. "ఇది నాది, ఎవరూ ముట్టుకోకండి" అంది. పొద్దున ఉల్లిపాయ కోస్తున్న చప్పుడుకి మావాడు గిన్నె పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాడు.