ప్రాసెసర్ గురించి తరగతికి వచ్చే అపోహలు

నల్లగొండలో ఇంజనీరింగ్ విద్యార్థులకు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెబుతాను. ఏటా కొత్త పిల్లలు వస్తారు, అపోహలు మాత్రం పాతవే.

అపోహ: గిగాహెర్ట్జ్ ఎంత ఎక్కువైతే అంత వేగం.
వాస్తవం: ప్రాసెసర్ గడియారం సెకనుకు ఎన్ని వంద కోట్ల టిక్కులు కొడుతుందో గిగాహెర్ట్జ్ చెబుతుంది. ఒక్కో టిక్కులో ఎంత పని తెములుతుందో ఆ అంకె చెప్పదు. ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 4 గడియారం 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. 2006లో ఇంటెల్‌దే వచ్చిన కోర్ 2 అంతకన్నా నెమ్మది గడియారంతోనే దాన్ని దాటేసింది.

అపోహ: పైప్‌లైన్ ఉంటే ఒక్కో ఆదేశం త్వరగా పూర్తవుతుంది.
వాస్తవం: పైప్‌లైన్ అంటే ఆదేశాన్ని దశలుగా విడగొట్టి, ఒకటి ముగియకముందే తర్వాతిదాన్ని మొదలుపెట్టడం. దీన్ని నేను మిర్యాలగూడ రైస్ మిల్లుతోనే చెబుతాను. వడ్లు శుభ్రం చేయడం, పొట్టు తీయడం, పాలిష్ పట్టడం ఒకదాని వెనుక ఒకటి సాగుతాయి. ఒక బస్తా వడ్లు బియ్యం కావడానికి పట్టే సమయం తగ్గదు. కానీ ఏ యంత్రమూ ఖాళీగా ఉండదు కాబట్టి గంటకు వచ్చే బియ్యం పెరుగుతుంది. మిల్లుల మధ్య పెరిగిన ఒక అమ్మాయి, "మధ్యలో వేరే రకం వడ్లు పడ్డాయని తెలిస్తే?" అని అడిగింది. లైనంతా ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రోగ్రాములో 'ఇఫ్' (ఇలా అయితే ఈ దారి, లేకపోతే ఆ దారి) దగ్గర ఏ దారి పడుతుందో ప్రాసెసర్ ముందే వేసుకున్న అంచనా తప్పితే జరిగేది సరిగ్గా అదే. ఏ పాఠ్యాంశం చెప్పినా ఇంత మంచి ప్రశ్న రావాలని కోరుకుంటాను.

అపోహ: కూడికలు అన్నే ఉంటే సమయమూ అంతే.
వాస్తవం: సీ భాషలో నాలుగు వేల వరుసలు, నాలుగు వేల నిలువు గళ్ల పట్టికను ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా కూడించి చూడండి. జవాబు ఒక్కటే, కానీ నిలువుగా కూడితే బాగా ఆలస్యం. సీ భాష పట్టికను అడ్డ వరుసల క్రమంలోనే మెమరీలో పేరుస్తుంది. మెమరీ నుంచి క్యాష్‌లోకి (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) సాధారణంగా 64 బైట్లు ఒక్కసారే వస్తాయి, అంటే నాలుగు బైట్ల సంఖ్యలైతే పక్కపక్కనున్న 16. నిలువుగా వెళితే వాటిలో ఒక్కటి వాడుకుని మిగతావి వదిలేస్తున్నట్టే.

అపోహ: ఇంటెల్ పాత ప్రాసెసర్ 8085 పిన్నులు కంఠస్థం చేస్తే ఆర్కిటెక్చర్ వచ్చినట్టే.
వాస్తవం: 40 పేర్లు వస్తాయి, అంతే.

అపోహ: ప్రాసెసర్ డిజైన్‌కు ఖరీదైన ల్యాబ్ కావాలి, మన ఊళ్లో కుదరదు.
వాస్తవం: ఈ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ (ప్రాసెసర్ ఏయే ఆదేశాలు పాటించాలో చెప్పే ప్రమాణం) నిర్దేశాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఐఐటీ మద్రాసు 'శక్తి', ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ 'వేగా' ప్రాసెసర్లు వాటి మీద కట్టినవే. రిస్క్-ఫైవ్‌లో 32 బిట్ల మూల ఆదేశాలు 40 మాత్రమే. సర్క్యూట్లు గీసి నడిపి చూసే లాజిసిమ్, హార్డ్‌వేర్ భాష వెరిలాగ్‌లో రాసిన డిజైన్‌ను పరీక్షించే ఐకారస్ వెరిలాగ్ ఉచితం, పాత కంప్యూటర్ చాలు. ముందు 'యాడ్' (కూడిక ఆదేశం) ఒక్కటి తీసుకోండి. అది మెమరీలోంచి వచ్చి, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) చదివి, ఏఎల్‌యూలో (లెక్కలు చేసే భాగం) కూడి, ఫలితం తిరిగి రాసే దారిని పెన్సిలుతో గీయండి. ఆ దారి తప్పకుండా గీయగలిగిన రోజు రెండో ఆదేశానికి రండి.