ప్రో టూల్స్ లేకపోతే పాట పనికిరాదా? అపోహలు - వాస్తవాలు

చెన్నై వడపళనిలో పాటల మిక్సింగ్ చేస్తుంటా, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన ట్రాకుల్ని కలిపి పాటగా తీర్చిదిద్దే పని. ప్రో టూల్స్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ అన్నీ పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్లే. "అన్నా, నా దగ్గర ఎఫ్ఎల్ స్టూడియోనే ఉంది, ప్రో టూల్స్ కొన్నాకే పాట పంపాలా?" అని అడగని వారం లేదు.

అపోహ: పేరులో ప్రో ఉంటేనే ప్రొఫెషనల్ సౌండ్ వస్తుంది.

వాస్తవం: జనం ఎక్కువ డబ్బులు పోగొట్టుకునేది దీనివల్లే, అందుకే గట్టిగా చెప్తున్నా. ప్రో టూల్స్ 1991లో వచ్చింది, అప్పటి కంప్యూటర్లు అన్ని ట్రాకులు మోయలేవు కాబట్టి దాన్ని తయారుచేసిన డిజిడిజైన్ కంపెనీ వాళ్లు సొంత హార్డ్‌వేర్‌తో కలిపి అమ్మారు, పెద్ద స్టూడియోలు దానిమీద డబ్బు పెట్టాయి, ఇంజనీర్ల చెయ్యి దానికే అలవాటైపోయింది. దాన్నే ఇండస్ట్రీ స్టాండర్డ్ అని ప్రచారం చేస్తారు. సౌండ్‌కి దానికీ సంబంధం లేదు. నమ్మకపోతే అవే వేవ్ (WAV) ఆడియో ఫైల్స్ ప్లగిన్లు (సౌండ్ మార్చే అదనపు టూల్స్), డిదర్ (ఎక్స్‌పోర్ట్‌లో కలిపే సన్నటి నాయిస్) లేకుండా, ఒకే లెవెల్‌లో, ఒకే పాన్ లాతో (సౌండ్‌ని ఎడమకో కుడికో జరిపితే లెవెల్ ఎంత మారాలో చెప్పే సెట్టింగ్) రెండు సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి (వేవ్‌ని తలకిందులు చేసి) రెండోదాని మీద వేయండి. ఏమీ వినపడదు, అంటే రెండు సౌండ్లూ ఒకటే.

ఆమధ్య నెల్లూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, వాళ్ల నాన్న చీటీ పాడి ఇచ్చిన డబ్బంతా సాఫ్ట్‌వేర్‌కి పెట్టేద్దామని. ట్యూన్ బంగారం, వాయిస్ నిండా ఖాళీ గది మోత. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ మోత పోదురా అని చెప్పి, వెనకా పక్కలా మందపాటి దుప్పట్లు కట్టి మళ్లీ పాడమన్నా. రెండో టేక్ వినగానే వాడి మొహంలో భయం పోయింది.

సినిమా పోస్ట్ ప్రొడక్షన్‌లో అసిస్టెంట్‌గా చేరాలంటే మాత్రం ప్రో టూల్స్ నేర్చుకోవాల్సిందే, దానికి ఫ్రీగా దొరికే ఇంట్రో వెర్షన్‌తో మొదలుపెట్టొచ్చు.

అపోహ: ఎఫ్ఎల్ స్టూడియో పిల్లల ఆట.

వాస్తవం: 1997లో ఫ్రూటీలూప్స్‌గా వచ్చింది, ఆ పేరు వల్లే ఈ ముద్ర. 2003లోనే పేరు మార్చేశారు. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఫ్రీ, జనంలోకి వెళ్లింది అందుకే. కాకపోతే చవగ్గా ఉందని ఏదో ఒక ఎడిషన్ తీసుకోకండి, అందులో వాయిస్ ట్రాకులు రికార్డ్ చేసుకోవచ్చో లేదో ముందే చూసుకోండి.

అపోహ: రీపర్ చవక, అంటే నాసిరకం.

వాస్తవం: కాదు. సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లే, ప్రకటనల హడావిడి లేదు, అంతే.

దేంట్లో చేసినా సరే, మాకు పంపేటప్పుడు ట్రాకులన్నీ ఒకే పాయింట్‌లో మొదలయ్యేలా 24 బిట్ వేవ్‌లు ఇవ్వండి, సినిమాకైతే శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, ఫోల్డర్ పేరులో టెంపో (పాట వేగం) రాయండి.