గొప్ప ఆల్బమ్‌ల జాబితాల మీద మనవాళ్ల అపోహలు: జాబితాలు పేర్చేవాడి మాట

హైదరాబాద్‌లో పదమూడేళ్లుగా నా ఉద్యోగం పాటల జాబితాలు పేర్చడం. ముందు ఒక ఎఫ్ఎంకి, ఇప్పుడు ఒక యాప్‌కి. 'ఎప్పటికీ గొప్ప 500 ఆల్బమ్‌లు' లాంటిది బయటికి రాగానే మా వాట్సాప్ గ్రూపుల్లో గోల మొదలవుతుంది, మనవాళ్లు ఒక్కరూ లేరేంటని. కోపం న్యాయమే, గురే తప్పుతోంది.

అపోహ: అన్నీ విని, తూకం వేసి ర్యాంకులిస్తారు.

వినడం కాదండీ, ఓట్లు లెక్కపెట్టడం. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 2020లో వేసిన 500 ఆల్బమ్‌ల జాబితాకి 300 మందికి పైగా కళాకారులు, నిర్మాతలు, విమర్శకులు తలా 50 పేర్లు పంపారు, వాటికి పాయింట్లు వేసి కూడారు. ఈ లెక్కలో ఎక్కువమందికి తెలిసినదే గెలుస్తుంది. మనవాళ్లని పదిమందిని కూర్చోబెట్టి అడిగినా, ఒకరు ఘంటసాల భగవద్గీత అంటారు, ఒకరు ఇళయరాజా అంటారు, ఇంకొకరు కీరవాణి అంటారు, అలా మన ఓట్లు చీలిపోయి, అందరి కాగితాల్లోనూ ఏ ముప్పయ్యో స్థానంలోనో ఉన్న బీటిల్స్ రికార్డు పైకి తేలుతుంది.

అపోహ: అమెరికా వాళ్లు అమెరికా వాళ్లకే వేసుకుంటారు.

ఇది నాకు ఇష్టమైన అపోహ, ఎందుకంటే లెక్క తిరగబడుతుంది. అదే అమెరికా పత్రిక 2003లో ఇచ్చిన మొదటి పదిలో 6 బ్రిటిష్ రికార్డులు: బీటిల్స్‌వి నాలుగు, రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండ్‌ది ఒకటి, ది క్లాష్‌ది ఒకటి. 2020కి వచ్చేసరికి పూర్తిగా బ్రిటిష్ అనదగ్గది బీటిల్స్‌దే ఒకటి మిగిలింది (ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్‌లో సగం బ్రిటన్ వాళ్లు, సగం అమెరికా వాళ్లు). 2003లో ఒకటో స్థానంలో ఉన్న బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' 24కి జారింది, 1971 నాటి అమెరికా గాయకుడు మార్విన్ గే రికార్డు ఆ చోటికి వచ్చింది. ఇక్కడ చూడండి, ఆ కొత్త పదిలో అన్నిటికన్నా తాజాది 1998ది. అంటే 2003లో ఓటేసినవాళ్ల ముందు కూడా ఈ పదీ ఉన్నాయి! రికార్డులు మారలేదు, ఓటేసే మనుషులు మారారు. 2003 మొదటి పదిలో ఒక్క గాయని కూడా లేదు, నల్లజాతి కళాకారుడు మార్విన్ గే ఒక్కడే. 2020లో గాయని జోనీ మిచెల్, నల్లజాతి కళాకారులు స్టీవీ వండర్, ప్రిన్స్, నల్లజాతి గాయని లారిన్ హిల్ వచ్చి చేరారు. అయినా రెండుసార్లూ పదికి పదీ ఇంగ్లిషే.

దేశం లెక్క అసలు లేదా అంటే, ఉంది. లండన్ సంగీత పత్రిక ఎన్ఎంఈ 2013లో బ్రిటిష్ బ్యాండ్ ది స్మిత్స్ వాళ్ల 'ది క్వీన్ ఈజ్ డెడ్'కి ఒకటో ర్యాంకిచ్చింది. రోలింగ్ స్టోన్ అంతకు ఏడాది ముందు ఇచ్చిన జాబితాలో అదే రికార్డు 200 దాటాక ఎక్కడో ఉంది. భాష ఒకటే, రికార్డు ఒకటే. దొరకడం కూడా ఒక కారణం. ది క్లాష్ మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో 1977లో వస్తే, అమెరికాలో 1979లో, అదీ పాటలు మార్చి విడుదల చేశారు. ఆ రెండేళ్లూ అక్కడ దిగుమతి కాపీ దొరికినవాడే విన్నాడు.

అపోహ: మనల్ని కావాలనే తీసేశారు.

అదే రోలింగ్ స్టోన్ 2023 జనవరిలో 200 మంది గొప్ప గాయకుల జాబితా వేస్తే లతా మంగేష్కర్ 84, మన పక్కనే పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ 91. టైమ్ పత్రిక 2005లో పది గొప్ప సినిమా సంగీతాలు ఎంచితే అందులో రెహమాన్ 'రోజా' ఉంది. గొంతు అన్నప్పుడు కనిపించాం, సినిమా అన్నప్పుడు కనిపించాం, 'ఆల్బమ్' అనేసరికి జారిపోయాం. వాళ్ల దృష్టిలో ఆల్బమ్ అంటే ఒక మనిషో ఒక బ్యాండో నలభై నిమిషాలు చెప్పే మాట. మనకేమో ఒక సినిమా, ఐదారు పాటలు, నలుగురు గాయకులు, అట్ట మీద హీరో బొమ్మ. మా యాప్‌కి పాత తెలుగు ఫైళ్లు వచ్చినప్పుడు 'ముఖ్య కళాకారుడు' అన్న గడిలో చాలాసార్లు 'వివిధ కళాకారులు' అని ఉంటుంది. ఆ పాటలు ఇంక ఎవరి ఖాతాలోనూ పడవు.

అలాగని వాళ్లని వెనకేసుకు రావడం లేదు. దాదాపు అంతా ఇంగ్లిష్ రికార్డులే పెట్టి 'ఎప్పటికీ గొప్పవి' అని శీర్షిక పెడితే, ఆ శీర్షికే తప్పు.

అపోహ: మన జాబితాలు మనమే వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

వేశామండీ. తెలుగు వంద, మా ఆఫీసులోనే, ఓట్లతోనే. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది తొంభైల్లో క్యాసెట్లు అరగదీసినవాళ్లు, కాబట్టి జాబితా కూడా తొంభైల్లోనే ఆగిపోయింది. 'రోజా' తమిళంలో పుట్టింది కదా, డబ్బింగ్‌ని తెలుగంటామా అని రెండు టీలు చల్లారేదాకా కొట్టుకుని, చివరికి ఉంచేశాం. విఠల్ రావు గజళ్లు, వార్సీ సోదరుల ఖవ్వాలీ, రెండూ ఈ ఊరివే, వాటికి ఒక్క ఓటూ పడలేదు. "అవి ఉర్దూ కదన్నా" అన్నాడు మా జూనియర్. వాడి మీద కస్సుమనబోయి నా కాగితం తీసి చూసుకున్నాను. నేనూ రాయలేదు.