మడుగు చెంబు, గులకరాళ్ళ చోటు కంచం

ఎండల గురించి మాట్లాడుకుంటుంటే మా బాబాయి అడిగాడు, "ఏట్లో నీళ్ళు తగ్గితే చేపలన్నీ మడుగులోకి పోతాయి కదరా, మడుగు ఎండిపోవట్లేదుగా, ఇంక వాటికొచ్చిన కష్టమేంటి?" అని. చిన్నప్పుడు పరిగెలు, బొమ్మిడాయిలు పట్టిన మనిషి, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేం. మడుగు చేపకి పడగ్గది బాబాయ్, వంటిల్లు వేరే చోట ఉంది, ముందు మూతపడేది ఆ వంటిల్లే అన్నాను. అదెలాగో చెప్పాలంటే మోంటానా దాకా వెళ్ళాలి.

అమెరికాలోని మోంటానాలో బిగ్ హోల్ అని ఒక నది ఉంది. 1805లో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు అటు వెళ్ళినప్పుడు దానికి విజ్డమ్ రివర్ అని పేరు పెట్టారు, అంటే తెలివి నది. ఆ పేరు నదికి నిలవలేదు గానీ ఒడ్డున ఉన్న చిన్న ఊరికి మిగిలింది. అలాస్కాని పక్కన పెడితే, ఆర్కిటిక్ గ్రేలింగ్ అనే చేప నదిలోనే పుట్టి నదిలోనే బతికే చోటు అమెరికాలో దాదాపు ఇదొక్కటే. వీపు మీద రెక్క విప్పిందంటే నెమలి గుర్తొస్తుంది. చుట్టూ పశువుల గడ్డి పండించే పొలాలు, ఎండాకాలం కాలవలకి నీళ్ళు తోడేసరికి నది సన్నబడిపోతుంది. అక్కడివాళ్ళు పట్టుకు కూచున్న అంకెలు రెండు, విజ్డమ్ దగ్గర 60 క్యూసెక్కులు, 20 క్యూసెక్కులు. 1986 వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు చూసిన మనకి ఇది నవ్వులాటగా ఉంటుంది, 60 అంటే సెకనుకి 1,700 లీటర్లు, అంతే. మరి ఆ 60 ఎక్కణ్ణుంచి వచ్చింది? కంచంలోంచి.

నదిలో గులకరాళ్ళ మీద నీళ్ళు పల్చగా గలగలా పారే చోట్లుంటాయి, సర్వేవాళ్ళు రిఫుల్ అంటారు. అక్కడో రాయి తిప్పి చూడండి, అడుగున పురుగులు అంటుకుని ఉంటాయి, రేపు రెక్కలొచ్చి ఎగరాల్సినవి. గ్రేలింగ్ తిండి చాలావరకు అవే, రాయి వదిలి కొట్టుకొచ్చినవాటిని అది కింద నిలబడి అందుకుంటుంది. ఇప్పుడు మడుగు ఒక చెంబు అనుకోండి, సగం ఒంపేసినా వెడల్పు పెద్దగా మారదు. పైగా దాని కింద ఉన్న రిఫుల్ గడపలా అడ్డం ఉంటుంది కాబట్టి పారకం పూర్తిగా ఆగిపోయినా మడుగులో నీళ్ళుంటాయి, అందుకే మడుగుని చూసి నది బాగుందనుకోవడం మోసం. రిఫుల్ మాత్రం కంచం. అంచుదాకా చారు పోసి గరిటెతో తీస్తూ పోండి, మొదట్లో అంచు గోడ మీద కాస్త దిగుతుంది తప్ప అడుగంతా తడిగానే ఉంటుంది. ఒక గరిటె దగ్గర కథ మారుతుంది, అంచు మొదట్లో పొడి కనబడుతుంది, ఇక అక్కణ్ణుంచి తీసిన ప్రతి గరిటెకీ తడి మధ్యకి జరుగుతూ పోతుంది. ఈ తడిసిన అడుగు పొడవుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కొలిచి, పారకంతో కలిపి గ్రాఫ్ గీస్తే వంపులొస్తాయి. పై వంపు 60 దగ్గర, అక్కడ కంచం అడుగంతా తడే. కింది వంపు 20 దగ్గర, అది దాటితే తడి గబగబా పోతుంది.

కాస్త లెక్క చేద్దాం, ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా దాటేయండి. అడుగు రెండు వైపుల నుంచీ మధ్యకి వాలుగా ఉందనుకుంటే, పారే నీళ్ళ వేగం లెక్కగట్టే 1889 నాటి మ్యానింగ్ సూత్రం ప్రకారం పారకం లోతుకి 8/3 ఘాతంలో ఉంటుంది. పారకం సగమైతే లోతు 77 శాతానికి, వెడల్పు కూడా 77 శాతానికే దిగుతుంది, ఫర్వాలేదనిపిస్తుంది. ఎనిమిదో వంతైతే రెండూ 46 శాతం, నీళ్ళ అడ్డకోత 21 శాతం, వేగం 60 శాతం. అంటే పురుగులుండే నేల సగం కంటే ఎక్కువ ఎండిపోయింది, మిగిలిన సగంలో నీళ్ళు మందగించి ఒండ్రు రాళ్ళ సందుల్లో దిగుతుంది, ఆ సందులే పురుగుల ఇళ్ళు.

మధ్యలో ఒక మాట. శృంగేరిలో తుంగ మెట్ల దగ్గర చేపలకి మరమరాలు వేస్తాం, వాటినెవరూ పట్టరు, దేవుడి చేపలు. మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది, ఆ నమ్మకం చేపల్ని నిజంగానే కాపాడుతోంది. కాకపోతే మన భక్తి ఎప్పుడూ మడుగుకే, గులకరాళ్ళ మీద పారే చారెడు నీళ్ళకి దణ్ణం పెట్టినవాణ్ణి నేను చూళ్ళేదు.

కొలిచే పని మాత్రం మోటు పని. రెండు ఒడ్లలో మేకులు దిగ్గొట్టి టేపు లాగి కట్టడం, పాతిక ముప్పై చోట్ల కడ్డీ దించి లోతు చూడటం, పై నుంచి లోతులో 0.6 వంతు దగ్గర వేగం చూడటం, సగటు వేగం దాదాపు అక్కడే దొరుకుతుంది కాబట్టి. మనిషి కాళ్ళే నీళ్ళని చెదరగొడతాయి, అందుకని వేగం కొలిచే మీటరుకి కాస్త దిగువగా, పక్కకి జరిగి నిలబడాలి.

ఈ పద్ధతిలో ఒక తిరకాసు కూడా ఉంది. గ్రాఫ్‌లో అడ్డం స్కేలు సాగదీస్తే కంటికి వంపు ఇంకోచోట కనబడుతుంది! స్కూల్లో స్కేలు రాయకపోతే అర మార్కు కోసేవాళ్ళు గానీ స్కేలు మారిస్తే వంపు మారుతుందని ఒక్కరూ చెప్పలేదు. అందుకే కంటిని నమ్మకుండా అడ్డం, నిలువు స్కేళ్ళు రెంటినీ 0 నుంచి 1కి తెచ్చి, గీత వాలు ఎక్కడ 1 అవుతుందో లెక్కగట్టే పద్ధతి కూడా వాడతారు.

అన్నిటికంటే కష్టం ఆ మేకుల దగ్గరికే మళ్ళీ మళ్ళీ రావడం, నీళ్ళు ఎక్కువున్నప్పుడు, మధ్యస్తంగా ఉన్నప్పుడు, బాగా తగ్గినప్పుడు, కనీసం మూడు సార్లు. ఆ మూడోది దొరకడమే గగనం. టేపు కట్టి సగం కొలిచేలోపు పైన ఏ రైతో కాలవ తలుపు ఎత్తితే మట్టం రెండు వేళ్ళు దిగిపోతుంది, అందుకే మొదలుపెట్టే ముందోసారి, అయ్యాకోసారి మట్టం కొలబద్ద చూస్తారు. రెండు అంకెలకీ మరీ తేడా వస్తే మళ్ళీ మొదటి మేకు దగ్గర్నుంచే.